చెంప మీద చాప అచ్చు

మా అమ్మకు చదవడం, రాయడం రాదు. కానీ విత్తనానికి కాయలు ఏరే రోజుల్లో మా ఊళ్లో సగం ఇళ్లవాళ్లు ఆమెనే పిలుచుకుపోతారు. వేరుశెనక్కాయల కుప్ప ముందు కూర్చుంటే ఆమె చేతులు ఆగవు. పైకి నిండుగా, నున్నగా ఉన్న కాయను కూడా ఒక్కోసారి పక్కకు విసిరేస్తుంది. బాగానే ఉంది కదా అని ఎవరైనా అంటే ఒలిచి చూపిస్తుంది. లోపల గింజ ముడుచుకుపోయి ఉంటుంది. బయటనుంచి అది ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఈనాటికీ అర్థం కాదు. అడిగితే "సూస్తే తెలుస్తాదిలే" అంటుంది. అంతకుమించి చెప్పడం ఆమెకు చేతకాదు.

మాది ఆలూరుకు దగ్గర్లో ఒక మెట్టపల్లె. అమ్మా నాన్నా, అన్నా వదినా అక్కడే ఉండి చేను చేసుకుంటారు. నేను డిగ్రీ అయ్యాక కడపలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. ఆడవాళ్ల హాస్టల్లో ఉండేదాన్ని. ఆదివారాలు ఏం తోచక, ఒక రిటైరైన డ్రాయింగ్ మాస్టారి ఇంటికి బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్లడం మొదలుపెట్టాను.

ఆయన వాళ్ల మిద్దె మీద నీడలో మా నలుగురైదుగురిని కూర్చోబెట్టి, మధ్యలో ఒక ఇత్తడి చెంబు పెట్టేవారు. ఆరు నెలలు ఆ చెంబు ఒక్కటే గీశాను. మొదటి రోజు నేను గీసినదాన్ని చూసి ఆయన నవ్వారు.

"ఇది నీకు తెలిసిన చెంబమ్మా. నాకు అది వద్దు. ఎదురుగా ఉండే చెంబును గీయి. యాడ సొట్ట ఉంటే ఆడ సొట్ట, యాడ మెరుపుంటే ఆడ మెరుపు. అదేంటో నీకు అర్థం కాకపోయినా సరే, కనిపించిందంటే గీయాల."

ఆ మాట నా మనసులో బాగా నాటుకుంది. లెక్కల్లో మెట్టు తప్పితే జవాబు తప్పినట్టే, ఇక్కడ ఒక్క నీడ తప్పితే ముఖం తప్పుతుంది. చెంబు అయ్యాక చేతులు గీశాను, ముసలివాళ్ల ముఖాలు గీశాను. పిల్లల ముఖాల జోలికి మాత్రం పోలేదు. పిల్లల ముఖంలో గీతలుండవు. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పెన్సిలు కాస్త గట్టిగా నొక్కితే చాలు, నాలుగేళ్ల పిల్ల నలభై ఏళ్ల మనిషవుతుంది.

రెండేళ్ల కిందట దసరా సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఒక మధ్యాహ్నం మా అన్న కూతురు పంచలో చాప మీద పడుకుని ఉంది. అప్పుడు దానికి నాలుగేళ్లు. మూడు గంటల ఎండ ఏటవాలుగా అరుగు మీద పడుతోంది. అంత మంచి వెలుగు పోతుందేమోనన్న ఆత్రంతో దాన్ని నిద్ర లేపి, ఎత్తుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టాను. అది లేచి పరుగెత్తబోయింది. "కదిలినావంటే సూడు" అని గదిమి, ఫోనుతో ఒక్క ఫోటో తీశాను. రెండో ఫోటోకు అది అక్కడ లేదు.

ఆ ఒక్క ఫోటోనే పెద్దగా ప్రింటు తీయించి, హాస్టల్ గదిలో గోడకు అంటించుకున్నాను. చేయి చాచినంత పొడవు కాగితం తీసుకుని, గళ్లు గీసుకుని మొదలుపెట్టాను. సాయంత్రం బడి నుంచి వచ్చాక గంటా రెండు గంటలు. మూడు నెలలు పట్టింది. వెంట్రుకలకే మూడు వారాలు పోయాయి. చెంప మీద అడ్డంగా, నిలువుగా సన్నటి గాట్లలాంటివి కనిపించాయి, గీశాను. కళ్లలో తెల్లటి మెరుపు మధ్యన గోధుమగింజంత నల్లటి మచ్చ ఒకటి కనిపించింది. అదేమిటో తెలియలేదు. సార్ చెప్పినట్టే, కనిపించింది కాబట్టి పెన్సిలు మొన బాగా చెక్కి, ఊపిరి బిగబట్టి అదీ గీశాను.

ఆ ఫిబ్రవరిలో సారూ, ఆయన స్నేహితులు మరికొందరూ కలిసి కడపలో ఒక కల్యాణమండపంలో మూడు రోజుల బొమ్మల ప్రదర్శన పెట్టారు. నా బొమ్మ కూడా పెట్టమన్నారు. ముందురోజు సాయంత్రం నేను బొమ్మ చుట్టిన గుడ్డ విప్పగానే సార్ దగ్గరికి వచ్చి చూశారు. కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"పేరేం పెట్టినావు?"

"ఏం పెట్టలేదు సార్."

"నేను పెడతా. మా చిన్నప్పుడు కరువొచ్చినప్పుడు మా చెల్లెలు ఇట్లే కూసోని ఉండేది, వాకిట్లో. ఇదే సూపు." అని ఒక అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి బొమ్మ కింద అంటించారు. 'కరువు బిడ్డ'.

నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇన్నేళ్లలో సార్ నా బొమ్మ చూసి కళ్లు తుడుచుకోవడం అదే మొదటిసారి. పేరు గురించి ఆలోచించనే లేదు.

మొదటి రోజు జనం బాగానే వచ్చారు. నా బొమ్మ దగ్గర ఎక్కువసేపు నిలబడుతున్నారు. ఒకాయన ఆ పిల్ల మబ్బుల కోసం ఆకాశం వైపు చూస్తోందన్నాడు. ఇంకొకాయన తన భార్యకు చెంప మీది గాట్లు చూపించి, బీటలు వారిన నేలలా ఉందన్నాడు. ఒక కాలేజీ అమ్మాయి మెడ కింద ఎముకలు చూపించి, ఈ పిల్ల అన్నం తిని ఎన్నాళ్లయిందో అంది. నేను పక్కనే నిలబడి తలూపుతూ ఉన్నాను. ఒకాయన "మీ పక్క వానలు లేవామ్మా?" అని అడిగితే, "శానా తక్కువ సార్" అని జాలిగా ముఖం పెట్టి చెప్పాను కూడా. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ ఏడాది మా చేలో కాయ బాగా దిగింది.

రెండో రోజు అమ్మ వచ్చింది. అన్న ఆమెను గుంతకల్లులో రైలు ఎక్కించాడు. నేను కడప స్టేషనులో దించుకున్నాను. సంచీ నిండా జొన్నరొట్టెలు, డబ్బాలో శెనక్కాయ గింజల పొడి. తిని పోదాం రమ్మంటే, "మొదట బొమ్మ సూస్తా" అంది. నేరుగా మండపానికే తీసుకుపోయాను.

అమ్మ అన్ని బొమ్మలూ దాటుకుని మా పాప ముఖం దగ్గరికి వెళ్లింది. చూడగానే నవ్వింది. చెయ్యి ముందుకు చాచి, మళ్లీ ముట్టుకోకూడదేమోనని వెనక్కి తీసుకుంది.

"అచ్చం దిగిండాదే, మే! పలకరిస్తే పలికేటట్ల ఉండాది" అంది. తర్వాత కింద ఉన్న అట్టముక్క చూసింది. "ఇదేం రాసినారు? నీ పేరా?"

"బొమ్మ పేరమ్మా."

"ఏం పేరు?"

నేను తప్పించుకోవాలని చూశాను. అమ్మ వదల్లేదు. "సదువు" అంది. చదివాను.

అమ్మ ముఖంలో నవ్వు పోయింది. "ఎవురు పెట్టినారు?"

"మా సార్. కొంచెం మెల్లగా మాట్లాడమ్మా."

"ఏమిటికి మెల్లగా? మనింట్లో పిల్లకు కరువేంది? ఆ పొద్దు అది రెండు ముద్దల సంగటి తినే కదా పండుకునింది. నేనే పెట్టి చేనికి పోయినా."

సార్ అటుగా వస్తూ ఈ మాట విన్నారు. ఆయన వెంట హైదరాబాద్ నుంచి బహుమతులు నిర్ణయించడానికి వచ్చిన చిత్రకారిణి కూడా ఉన్నారు. అరవై ఏళ్లు పైబడిన మనిషి, నూలు చీర, పొట్టి జుట్టు. అమ్మ సార్‌ను ఎప్పుడూ చూడలేదు గానీ, నేను సర్దుకుని నిలబడిన తీరులోనే ఆయనెవరో తెలుసుకుంది. రెండు చేతులూ జోడించింది.

"సారూ, నా కూతురికి ఇంత ఇద్దె నేర్పించినారు. మీకు శానా దండాలు. ఒక్క మాట. ఈ పిల్లకు ఆ పేరొద్దు."

సార్ ఇబ్బందిగా నవ్వారు. "అమ్మా, బొమ్మ అన్నాక చూసేవాళ్లకు ఎట్ల తోస్తే అట్ల అర్థం చేసుకుంటారు. అది మీ ఇంటి పిల్లే కానీ, బొమ్మలోకి వచ్చినాక అందరి పిల్ల అయితాది."

"అనుకోనీ సారూ, ఎవురికి తోచింది వాళ్లు అనుకోనీ. రాసి అంటించినారు కదా, ఇంక వేరే ఎవురైనా ఏమనుకుంటారు?"

ఆ పెద్దావిడ ముందుకు వచ్చి అమ్మ పక్కన నిలబడ్డారు.

"మీరు చెప్పండమ్మా. ఈ పాప ఎందుకిలా ఉంది? మీకేం కనిపిస్తోంది?"

అమ్మ నావైపు చూసింది, మాట్లాడొచ్చా అన్నట్టు. నేను తలూపాను. అప్పుడామె కొంగు నడుముకు దోపుకుని, కాయలు ఏరడానికి కూర్చునే ముందు చేసినట్టే ఒక్క నిమిషం ఊరికే చూసింది.

"ఇదో, ఈ చెంప మీద గీట్లు సూడండి. అవి చాప అచ్చులు. కుడిపక్క తిరిగి పండుకుంటాది అది. ఎడమ చెంప సూడండి, నున్నగా ఉండాది. ఇప్పుడే లేసింది. కండ్ల కింద ఉబ్బు కూడా ఇంకా పోలేదు. ఎముకలు కనబడేది బక్కపిల్ల అని కాదు, గౌను దానిది కాదు, వాళ్ల పెద్దమ్మ కూతురిది. మెడ పెద్దది, కిందికి జారిండాది. ఇంక మొగం ముడుసుకునేది..." అని ఆగి నన్ను చూపించింది. "ఇది చేసిన పనికి. మంచి నిద్రలో ఉంటే లేపి కూసోబెట్టి, కదలొద్దని గదిమింది. దానికి కోపమొచ్చిండాది. పెదవి సూడండి, ఏడ్సేటట్ల లేదు. బిగబట్టిండాది. మా అత్తకు కోపమొస్తే ఇట్లే పెట్టేది మూతి."

పక్కన నిలబడినవాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు. బొమ్మకు దగ్గరగా జరిగారు.

"మరి పైకి చూస్తోంది కదా, ఆకాశం వైపు?"

"ఆకాశంలో ఏముండాదమ్మా దానికి? ఎవురినో సూస్తాండాది. పైకి సూస్తాండాదంటే నిలబడుకున్న మనిషిని." అంటూ అమ్మ కూడా వంగింది. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరికి వెళ్లింది. కుడి కన్ను, ఎడమ కన్ను మార్చి మార్చి చూసింది. ఉన్నట్టుండి వెనక్కి తిరిగింది.

"మే, ఇది నేను కదా!"

నాకు అర్థం కాలేదు. "ఏది?"

"ఈ కంట్లో ఉండేది. ఈ నల్లది. తలపైన గంప ఉండాది సూడు. ఆ పొద్దు నేను చేనికాడినుంచి పచ్చి శెనగబుడ్డలు తీసుకోని వాకిట్లోకి వస్తాంటి. నన్ను సూసి అది పరిగెత్తబోయింది, నువ్వు ఆపినావు."

నేను ఫోను తీసి ఆ ఫోటో వెతికి, కన్ను వరకు పెద్దది చేశాను. మూడు నెలలు ఆ మచ్చను చూస్తూ గీసినదాన్ని నేనే. కానీ అప్పుడే మొదటిసారి చూసినట్టనిపించింది. వాకిట్లో ఎండ తెల్లగా ఉంది. దాని మధ్య ఒక మనిషి. తలమీద వెడల్పుగా గంప, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి పైకి మడిచి ఉంది. నేను ఆ చేతిని కూడా గీశాను. చెయ్యి అని తెలియకుండా గీశాను.

పెద్దావిడ నా ఫోను తీసుకుని చూశారు, తర్వాత బొమ్మలో చూశారు. ఫోను తిరిగి ఇస్తూ నన్ను అడిగారు. "గీసింది నువ్వు. నువ్వేమంటావు? కరువు బిడ్డా, కాదా?"

సార్ నా వైపే చూస్తున్నారు. ఆయన పెట్టిన పేరు, ఆయన తుడుచుకున్న కళ్లు నాకు గుర్తున్నాయి. నిన్నంతా నేను తలూపుతూ నిలబడిన సంగతి కూడా గుర్తుంది.

"మా అమ్మ చెప్పిందే నిజం మేడమ్. ఆ పిల్ల మీద కోప్పడింది నేనే. నాకు తెలిసి కూడా నిన్న ఎవరికీ చెప్పలేదు. అందరూ మెచ్చుకుంటాంటే బాగుండె."

ఆ మాట పైకి అన్నాక మనసు తేలికైంది.

సార్ బొమ్మకు ఒక అడుగు దగ్గరగా జరిగారు. తర్వాత మెల్లగా అన్నారు, అమ్మతోనే. "నేను మా చెల్లెల్ని సూసుకున్నానమ్మా దీంట్లో. అది బతకలేదు."

అమ్మ ముఖం మెత్తబడింది. "అయ్యో సారూ. మీకు మీ చెల్లెలు కనబడింటే అది అబద్దం కాదు. కనబడనీ, ఎన్నిసార్లయినా వచ్చి సూసుకోండి. మా పిల్లకు మాత్రం ఆ పేరొద్దు. అది పెద్దదయినాక సదువుకుంటాది కదా, కింద ఏం రాసిండేదీ."

సార్ తనే అట్టముక్కను గోరుతో లేపి ఊడదీశారు. జేబులో నుంచి పెన్ను తీసి, అట్ట వెనక్కి తిప్పి, "చెప్పమ్మా, ఏం రాయాల?" అన్నారు.

అమ్మ ఆలోచించలేదు. "నిద్ర లేసి అలిగిండాది అని రాయండి."

ఆయన అలాగే రాశారు, ఒక్క అక్షరం మార్చకుండా, అవే ముత్యాల్లాంటి అక్షరాలతో. అంటించాక అమ్మ నాతో మరోసారి చదివించుకుంది.

ఆ మధ్యాహ్నం నుంచి ఆ బొమ్మ దగ్గర సందడి మారింది. పిల్లలున్న ఆడవాళ్లు ఆగి, చదివి, "మావోడు కూడా ఇంతే, నిద్ర చెడగొడితే ఇల్లు పీకి పందిరేస్తాడు" అని నవ్వుకున్నారు. అమ్మ ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని బొమ్మ పక్కనే కూర్చుంది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కంట్లో ఉన్న తనను చూపించింది. సాయంత్రానికి అది చూడడానికి చిన్న వరసే కట్టారు. నేను రొట్టె తుంచి ఆమె చేతికిస్తుంటే తింటూనే మాట్లాడింది. బడిలో నేను లెక్కలు చెప్పేటప్పుడు కూడా పిల్లలు అంత శ్రద్ధగా వినరు. ఒక మూల నిలబడి ఆమెను చూస్తుంటే నా మనసు నిండిపోయింది. ఇన్నాళ్లూ బొమ్మలు చూడడం నేను సార్ దగ్గర నేర్చుకున్నానని అనుకునేదాన్ని.

మూడో రోజు బహుమతులు చెప్పారు. నాకు రెండోది వచ్చింది. అమ్మ చప్పట్లు కొట్టి, నా చెవిలో "మొదటిది ఎవురికి?" అంది. నంద్యాల నుంచి వచ్చిన ఒకతను కొయ్యతో చెక్కిన ఎద్దుకు వచ్చిందని చెప్పాను. వెంటనే లేచి ఆ ఎద్దు దగ్గరికి వెళ్లింది. చుట్టూ తిరిగింది. మూపురం చూసింది, గిట్టలు చూసింది, వంగి పొట్ట కింద చూసింది. ఆ చెక్కినతను చేతులు కట్టుకుని పరీక్షకు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"బాగుండాదప్పా. పని చేసే ఎద్దే ఇది. ఎడమ గిట్ట కొంచెం అరిగిండేది కూడా పెట్టినావు" అని అతనితో అని, నా దగ్గరికి వచ్చి, "ఇయ్యొచ్చులే" అంది. నాకు మొదటి బహుమతి రాలేదన్న చిన్న బాధ ఆ మాటతో పోయింది.

వెళ్లేముందు హైదరాబాద్ చిత్రకారిణి అమ్మ చేతులు పట్టుకున్నారు. "నేను నలభై ఏళ్లుగా బొమ్మల గురించి రాస్తున్నానమ్మా. నిన్న మీ మాట వినకపోయుంటే ఈ బొమ్మ గురించి నేనూ తప్పే రాసేదాన్ని" అన్నారు. అమ్మ సంచీలో మిగిలిన రొట్టెలు తీసి ఆమెకిచ్చింది.

సార్ ఆ తర్వాతి ఆదివారం నుంచి ఒక కొత్త పద్ధతి పెట్టారు. బొమ్మ పూర్తి కాగానే దాన్ని పనిమనిషికో, కూరలమ్మే ఆమెకో, ఇంటికి వచ్చిన చుట్టానికో చూపించి, ఏం కనిపిస్తోందో చెప్పించేవారు. మేం పక్కన నిలబడి వినాలి, మధ్యలో నోరు తెరవకూడదు. మొదట్లో మాకు అవమానంగా ఉండేది. ఇప్పుడు నేను అదే పద్ధతిలో బడిలో పిల్లలకు శనివారాలు బొమ్మలు నేర్పుతున్నాను.

ప్రదర్శన అయ్యాక బొమ్మకు అద్దం వేయించి, బస్సులో ఒడిలో పెట్టుకుని ఊరికి తీసుకెళ్లాను. ఇంటిల్లిపాదీ చూశారు. వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది. నాన్న మేకు వెతకడానికి లోపలికి వెళ్లాడు. అందరూ చూశాక, బొమ్మలో ఉన్న పిల్ల బయట ఆటలో నుంచి వచ్చింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, బొమ్మను కింది నుంచి పైదాకా చూసింది. నేను లోలోపల ఎదురుచూస్తున్నాను, ఏమంటుందోనని.

"అత్తా, నా కాళ్లు యాడ?"

"ఇది మొగం ఒక్కటే పాపా. కాళ్లు ఏయలేదు."

"ఏమిటికి ఏయలేదు? నాకుండాయి కదా!"

సంచీలో నుంచి కాగితం, పెన్సిలు తీశాను. ఈసారి గదమలేదు. నీకిష్టమైనంతసేపు కూర్చో, తర్వాత పో అన్నాను. అది అరుగు మీద కాళ్లు ముందుకు చాపి, వేళ్లు విప్పి, పదినిమిషాలు శిలలా కూర్చుంది. కాళ్లకు దుమ్ము, ఎడమ మోకాలి మీద ఎండిన పక్కు, వదులైన కాలిపట్టీ. ఏదీ వదలకుండా గీశాను.

పూర్తవగానే కాగితం నా చేతిలో నుంచి లాక్కుంది. తనలో తనే వేళ్లు లెక్కపెట్టుకుంది. పదీ ఉన్నాయని నమ్మకం కుదిరాక, ఆ కాగితాన్ని రెండు చేతులతో ఎదర పట్టుకుని, "మా అత్త నాకు కాళ్లేసింది!" అని అరుచుకుంటూ వీధిలోకి పరుగెత్తింది.